ముడుపు కట్టిన బండి

నిన్న మా మనవరాలికి పదకొండో రోజు స్నానం. పసిదాని ఒంటికి రాద్దామని చిన్న గిన్నెలో ఆముదం వెచ్చబెడుతుంటే తొణికి నాలుగు చుక్కలు పొయ్యి రేకు మీద పడ్డాయి. చుయ్యిమని పొగ లేచింది. తియ్యగా, కాస్త మాడుగా, ముక్కుకు పట్టుకుంటే వదలని వాసన. నేను అక్కడే పీట మీద కూలబడ్డాను.

"ఏటయిందమ్మా?" అంటూ మా అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"ఏటీ నేదు. పొగ," అన్నాను.

అబద్ధమాడడం నాకు కొత్త కాదు. నా అబద్ధాలన్నిటికన్నా పెద్దది ఈ వాసన ఉన్న రోజుల్లోదే. ఇన్నేళ్ళూ దాన్ని కడుపులో దాచుకుని, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, పండగలకి పిండివంటలు చేశాను. మనిషి ఏదైనా మొయ్యగలదు.

అప్పుడు మేం బర్మా రాజధానిలో తామ్వే అనే పేటలో ఉండేవాళ్ళం. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు. షెడ్డులో మా అయ్యా, చిన్నాన్నా బళ్ళు బాగుచేసేవారు. మా తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడరేవులో బస్తాలు మొయ్యడానికి వచ్చి, క్రేన్లు బాగుచేసేవాళ్ళ దగ్గర ఇనప పని నేర్చుకున్నాడట. ఆయన పోయాడు, పని మిగిలింది. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది మామ్మ, అంటే అయ్యనీ చిన్నాన్ననీ కన్న తల్లి.

దేశం తలుపులు బిడాయించుకుని కూర్చున్న కాలం అది. బయటి సరుకు లోపలికి రాదు, లోపలి మాట బయటికి పోదు. కొత్త కారనేది కళ్ళ చూడకుండానే నేను పెరిగాను. దొరలు వదిలేసి పోయిన కార్లే ఊరంతా తిరిగేవి, మా బండీ అలాంటిదే. మనుషులు పోయేవారు గానీ మా ఊళ్ళో కార్లకి చావు లేదు. పిస్టన్ రింగు కావాలంటే పాత ఇనప గొట్టం కోసి ఆకురాయితో అరగదీయాలి. గ్యాస్కెట్టు కావాలంటే చిరిగిన చెప్పు అట్ట వెతకాలి. ఏ పని చేసినా చిన్నాన్న పాట పాడుతూ చేసేవాడు, అయ్య పళ్ళు బిగబట్టి చేసేవాడు.

అయ్యది ఒకటే సూత్రం. "మనం కనబడకూడదు, ఇనబడకూడదు," అనేవాడు. నేను పుట్టకముందు సర్కారు పొమ్మంటే మా చుట్టాలెందరో ఓడలెక్కి వెళ్ళిపోయారు. మేం మిగిలామంటే తల వంచుకున్నాం కాబట్టేనని ఆయన నమ్మకం. టీ కొట్టుకి వెళ్తే పక్క బల్ల దగ్గర ఎవరున్నారో చూసుకోకుండా పెద్దవాళ్ళు నోరు తెరిచేవారు కాదు. బియ్యం దొరకడంలేదన్న మాటైనా గుసగుసగానే అనుకునేవారు. ఆ గుసగుసల్లో పెరిగినందుకేమో, మనసులో ఉన్నది పైకి చెప్పడం నాకు ఎప్పటికీ చేతకాలేదు.

మా పక్కింట్లో ఒక బర్మా పంతులమ్మ ఉండేది. అక్కడ పంతులమ్మని సయామా అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. భర్త లేడు. కాలేజీలో చదువుకునే ఒక్కగానొక్క కొడుకు. నాపి అంటే చేపల్ని ఉప్పులో మాగబెట్టి నూరిన ముద్ద, బర్మా వంటకి అదే ప్రాణం. "ఆ కంపు నా వంటింట్లోకి రాకూడదు," అని మామ్మ కట్టడి. సయామా దాన్ని ఎండుమిరపకాయలతో వేయించి చిప్పలో పంపిన రోజున మాత్రం తలుపు దగ్గరగా వేసుకుని, రెండోసారి అన్నం పెట్టించుకునేది. నేను చూశానని తెలిస్తే, "ఏటే గుంటా, అమ్మోరికి సెప్తావేటి?" అని కళ్ళెర్రజేసేది.

మామ్మకి ఈ లోకంలో రెండే ఆస్తులు: అమ్మోరు, ఆముదం. షెడ్డు వెనక ఆముదం చెట్లు తనే పెంచింది. గింజలు వేయించి, రోట్లో దంచి, కుండలో నీళ్ళు పోసి మరగబెట్టి, పైకి తేలిన నూనెని గరిటెతో తీసి సీసాలకి పట్టేది. తలకి అదే, మోకాళ్ళకి అదే, నా కడుపునొప్పికీ అదే. సీసాలు మంచం కింద పెట్టుకుని వాటి మీదే నిద్రపోయేది.

ఒక శీతాకాలం చిన్నాన్న షెడ్డులోకి గంతులేస్తూ వచ్చాడు. తామ్వేలో గుర్రప్పందేలు ఎప్పుడో ఆగిపోయిన మైదానం ఒకటి ఉంది. దాని పక్కనే డ్రైవర్లకి పరీక్షలు పెట్టడానికి కోడిగుడ్డు ఆకారంలో వేసిన తారు బాట ఉండేది. ఏదో సర్కారీ పండక్కి దాని మీద కార్ల పందెం పెడుతున్నారు. రోజూ వీధిలో తిరిగే బండే ఉండాలి, ఇరవై చుట్లు తిరగాలి. గెలిచినవాడికి నాలుగు కొత్త టైర్లు.

కొత్త టైర్లు! ఆ రోజుల్లో ఆ మాటకి పెద్దవాళ్ళ కళ్ళు కూడా చెమర్చేవి. మా బండి టైర్లకి ఎన్ని అతుకులంటే అసలు రబ్బరు ఏదో మాకే తెలియదు.

"ఒద్దురా," అన్నాడు అయ్య. "పదిమందీ సూస్తారు. పేరు రాసుకుంటారు. మనకెందుకు?"

"పేరు రాసుకుంటే రాసుకోనీ అన్నయ్యా. ఇన్నాళ్ళూ ఎవుడూ రాసుకోనేదు, ఏటి బావుకున్నాం?"

అయ్య సుత్తి కింద పడేసి బయటికి వెళ్ళిపోయాడు. కానీ సాయంత్రానికి తిరిగొచ్చి బండి కింద దూరి బ్రేకులు సరిచెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన ప్రేమ అలాగే ఉండేది.

చిక్కంతా ఇంజను నూనెతో. బజారులో దొరికేది వాడేసి వడగట్టిన నల్లనూనె. "దీంతో ఇరవై సుట్లు తిరిగితే ఇంజను బిగుసుకుని పట్టీస్తాది," అన్నాడు చిన్నాన్న. "ఆముదం కలిపితే వేడికి తట్టుకుంటాదే. దొరలు పందేల్లో అదే పోసీవోరని మా అయ్య సెప్పీవోడు." అలా అని నా వైపు చూశాడు. ఆ చూపు చాలదూ? మామ్మ గుడికి వెళ్ళిన మంగళవారం చూసి మంచం కింద దూరాను. సీసాలన్నీ చిన్నాన్నకి చేరవేసి, వాటిలో టీ డికాక్షన్ పోసి యథాస్థానంలో పెట్టేశాను. మర్నాడు పొద్దున మామ్మ తలకి నూనె రాసుకుంది. ఆ తరవాత చీపురుకట్ట నా వీపు మీద ఎంతసేపు ఆడిందో చెప్పను.

కొట్టిన చేత్తోనే నన్ను దగ్గరికి లాక్కుని, "పోయిందెలాగూ పోయింది. గెలవకపోతే మాత్తరం ఆ సచ్చినోడి కాళ్ళు ఇరగ్గొడతాను. ముడుపు కట్టాలి, రా," అంది.

ముడుపు పసుపు గుడ్డలో కట్టడం అందరికీ తెలిసిందే. మామ్మ పుట్టిన ఊరి అమ్మోరికి మాత్రం ఎరుపే కావాలట. నా పాత పరికిణీ నుంచి ఎర్రటి గుడ్డ చింపి, అందులో రూపాయి బిళ్ళ, పసుపు కొమ్ము, గుప్పెడు బియ్యం పెట్టింది. కట్టే చెయ్యి ఇంట్లో పెళ్ళికాని ఆడపిల్లది కావాలి. కట్టిన చెయ్యే విప్పాలి. అదైనా మొక్కు తీర్చాక, అమ్మోరి ఎదుటే. "నడుమ ఇప్పితే ఎవుడి కోసం కట్టినామో వోడికే సేటు," అని మామ్మ నా చెవి మెలేసి మరీ చెప్పింది. శ్రావణంలో చిమిండైంగ్ పేటలో ఏటి ఒడ్డున మా అమ్మోరి సంబరం జరుగుతుంది. చిన్నాన్న క్షేమంగా గెలిస్తే ఆ రోజు బండిని గుడి ముందుకి తెచ్చి, కోడిని కోసి, ముడుపు చెల్లిస్తానని మామ్మ మొక్కుకుంది. బండి ముందరి ఇనప జాలీకి నేనే కట్టాను. మూడు ముళ్ళు వేశాను, గట్టిగా.

పందెం రోజున తొమ్మిది బళ్ళు వచ్చాయి. తలుపులు తాళ్ళతో కట్టినవి కొన్ని, అసలు తలుపులే లేనివి కొన్ని. ఈలలూ కేకలూ. వేరుశనగలు అమ్మేవాళ్ళు, చెరకు ముక్కలు అమ్మేవాళ్ళు. ఎవరూ గుసగుసలాడని రోజు నేను చూసింది అదొక్కటే. మూడో చుట్టులో ఒక టాక్సీ బోల్తా కొట్టింది. డ్రైవరుని బయటికి లాగుతుంటే అతని చెయ్యి వెనక్కి తిరిగిపోయి ఉంది. మిగతా బళ్ళు ఆగకుండా అతని పక్కనుంచే పోయాయి. అయ్య కళ్ళు మూసుకున్నాడు. పదో చుట్టుకి ఐదే మిగిలాయి. మా బండి వెళ్ళిన ప్రతిసారీ తెల్లటి పొగ, ఆ పొగలో మామ్మ తల వాసన.

"నా ఆముదమే! నా ఆముదం కాలిపోతందే!" అని మామ్మ గుండెలు బాదుకుంటుంటే చుట్టూ జనం పడిపడి నవ్వారు.

చివరి చుట్టులో ముందున్న జీపు ఇంజను పట్టేసింది. మాది పట్టెయ్యలేదు. జనం "కలా! కలా!" అని అరిచారు. మా రంగు వాళ్ళని ఆ ఊళ్ళో తిట్టడానికి వాడే మాట అది. ఆ రోజు మాత్రం చిన్నాన్నని భుజాల మీద మోస్తూ ఆ మాటే అన్నారు. చిన్నాన్న పైనుంచి నన్ను చూసి నల్లటి మొహంతో నవ్వాడు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు మొదట కనబడేది ఆ నవ్వే.

టైర్లు వచ్చాయి. బండికి వేశాక తామ్వే మొత్తానికి నమ్మి ఎక్కదగ్గ బండి మాదే అయింది. పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా మా తలుపే తట్టేవారు. అయ్య భయపడినంతా అయింది. మేం అందరికీ కనబడ్డాం.

ఎండలు ముదిరేసరికి కాలేజీల దగ్గర సర్కారు మీద గొడవలు మొదలయ్యాయి. వానలు పట్టేసరికి ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. కుర్రాళ్ళు తలకి ఎర్రగుడ్డలు కట్టుకుని, ఎర్ర జెండాలు పట్టుకుని మా షెడ్డు ముందు నుంచే నడిచి వెళ్ళేవారు. సయామా కొడుకూ వాళ్ళలో ఉన్నాడు. తరవాత సైనికులు దిగారు. నాలుగు రోడ్లు కలిసిన చోటల్లా ఇసక బస్తాలు లేచాయి. పొద్దున మొహింగా అమ్మే మనిషి రావడం మానేసింది. ఆమె చేపల పులుసు కుండ వాసన లేకుండా తెల్లవారడం ఎంత భయంగా ఉంటుందో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. నలుగురు గుమిగూడితే కాల్పులే. ఇక శ్రావణ సంబరం ఎక్కడిది? గుడికి తాళం పడింది. ముడుపు బండి మీదే ఉండిపోయింది.

ఆ రోజు పొద్దున్నే వాన. అయ్య బయటినుంచి తడిసి వచ్చి నన్ను షెడ్డులోకి పిలిచాడు.

"ఎర్రగుడ్డ కనబడితే సాలు, ఆపీసి కొడతన్నారు. ఆ ముడుపు ఇప్పీ."

"మొక్కు తీరనేదయ్యా."

"తీరకపోతే తీరకపోయింది. ఇప్పీ."

దేవుడని చెయ్యెత్తి ఎరగని మనిషి మా అయ్య. రెంచీతో ఆ ముడి తెంపెయ్యడానికి ఒక్క క్షణం పట్టేది. కానీ ఆయన దాన్ని ముట్టుకోలేదు. కట్టిన చెయ్యే విప్పాలన్న మాట ఆయనలోనూ ఎక్కడో ఉంది. నన్ను బండి దగ్గర వదిలి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను జాలీ ముందు గొంతుక్కూర్చున్నాను. వేళ్ళు ముడి మీద పెట్టాను. విప్పితే చిన్నాన్నకి చేటు. విప్పకపోతే అయ్య ఊరుకోడు. పద్నాలుగేళ్ళ బుర్రకి మూడో దారి తోచింది. ముడి అలాగే ఉంచి, గుడ్డ మూటని జాలీ కన్నంలోంచి లోపలికి తోసేశాను. బయటికి ఏమీ కనబడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఇప్పీసినావేటి?" అన్నాడు అయ్య.

"ఇప్పీసినానయ్యా."

మధ్యాహ్నం సయామా వచ్చింది. కాళ్ళకి చెప్పులు లేవు. కొడుకు తొడలో తూటా దిగిందట, సందులో పడుకోబెట్టి వచ్చింది. వచ్చి షెడ్డు నడుమ నిలబడి బండినే చూసింది.

"ఎల్లకురా," అన్నాడు అయ్య. తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎల్లకు."

"అన్నయ్యా, కుర్రోడి రగతం పోతాంది. నాలుగు టైర్లు గెలిసింది పీట మీద పెట్టి పూజ సేసుకోడానికేటి?"

గేటు తీయమని నాకు సైగ చేశాడు. తీశాను. బండి నా పక్కకి వచ్చి కాస్త నెమ్మదించింది. అప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. అయ్య వెనకే నిలబడి ఉన్నాడు. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. నా భయం అంతే, చీపురుకట్ట దెబ్బలంత భయం.

"సిన్నాన్నా..." అన్నాను.

"వొచ్చినాక సెప్పే గుంటా," అని నవ్వి వెళ్ళిపోయాడు.

సందు మలుపు దాకా ఆముదం పొగ వానలో కిందికే పాకింది.

చీకటి పడే వేళకి సయామా నడిచి వచ్చింది. రవికంతా నెత్తురు. మొదటి కూడలి దాటారట, రెండోదీ దాటారట. మూడోచోట ఆపారు. చిన్నాన్నని కిందికి దింపారు. తల్లినీ కొడుకునీ వదిలేస్తే సైకిల్ రిక్షా మీద ఆసుపత్రికి చేరుకున్నారు. "అతన్ని లారీ ఎక్కించారు," అంది. అంతకు మించి చెప్పలేదు, మామ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. ఆమె కొడుకు కుంటుతూనైనా బతికాడు.

చిన్నాన్న తిరిగి రాలేదు. అయ్య నాలుగు నెలలు ఠాణాల చుట్టూ, జైలు గేట్ల చుట్టూ తిరిగాడు. ఎక్కడికి వెళ్ళినా ఆ పేరు మా దగ్గర లేదనేవారు. పేరు రాసుకుంటారని భయపడ్డ మనిషి, ఎక్కడో ఒకచోట ఆ పేరు రాసి ఉంటే చాలని వెతికాడు. శవం లేదు కాబట్టి కర్మ చెయ్యలేదు. కర్మ లేదు కాబట్టి ఏడుపు ఆపలేదు.

బండి ఆ కూడలిలోనే దొరికింది. టైర్లు నాలుగూ ఎవరో విప్పుకుపోయారు. అయ్యతో నేనూ వెళ్ళాను. జాలీ వంక చూశాను. ముడుపు లేదు. అదీ ఎవరో కోసుకుపోయి ఉంటారులే, అప్పటిదాకా లోపలే ఉండి ఉంటుందిలే, బయటికి కనబడి ఉండదులే అని నాకు నేను చెప్పుకున్నాను. అయ్య కూడా జాలీనే చూశాడు.

"నానే ఇప్పించినాను," అన్నాడు నెమ్మదిగా.

ఆయన అర్థం చేసుకున్నది అది. నడుమ విప్పించాడు కాబట్టే తమ్ముడికి చేటు వచ్చిందని. ఆ మరుసటి మంగళవారం నుంచీ, చెయ్యెత్తి దణ్ణం పెట్టడమెరగని ఆ మనిషి గుడి తలుపు తాళం ముందు నిలబడడం మొదలుపెట్టాడు. తాళం తీశాక కూడా లోపలికి పోకుండా గుమ్మం బయటే నిలబడేవాడు. మామ్మ లెక్క వేరు. గెలిచిన మర్నాడే మొక్కు తీర్చకుండా శ్రావణం దాకా అమ్మోరిని ఆగమన్నాను, తప్పు నాదేనంటూ పోయింది. పోయేదాకా మళ్ళీ తలకి నూనె రాసుకోలేదు. గింజలు చెట్ల కింద రాలి మొలిచేవి.

ఒకే నేరం ఇద్దరూ పంచుకుని మోస్తుంటే, అసలు దొంగని నేను ఇద్దరికీ అన్నం వడ్డించాను.

చివరి రోజుల్లో అయ్య ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "నాను ఇప్పించబట్టే కదే?" అని అడిగాడు. "కాదయ్యా," అన్నాను. ఎందుకు కాదో చెప్పలేకపోయాను. నమ్మకుండానే వెళ్ళిపోయాడు. నన్ను నేను క్షమించుకోలేనిది అదే. గేటు దగ్గర పద్నాలుగేళ్ళ పిల్లని. ఆ మంచం దగ్గర ముగ్గురు బిడ్డల తల్లిని.

అయ్య పోయిన ఏడాదికి సయామా కొడుకుతో సంచౌంగ్‌లో ఉంటోందని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. ముసలిదైపోయింది. లఫెట్ పళ్ళెం, అదే మాగబెట్టిన తేయాకు, వేయించిన పప్పులతో నా ముందు పెట్టి, బర్మా మాటలో మామూలుగా అడిగింది.

"ఇన్నేళ్ళుగా ఒకటి అడగాలనుకున్నాను. బండి ముందు ఏదో ఎర్రగుడ్డ వేలాడుతోందని ఆపారు. దాన్ని కోసి మీ చిన్నాన్న మొహం మీద కొట్టి, ఎవరు కట్టారని అడిగారు. ఆయన దాన్ని చూసి ఒక్క క్షణం ఆగాడు. తరవాత, 'నేనే కట్టుకున్నాను' అన్నాడు. అలాంటివి మీ ఇంట్లో ఆడపిల్లే కట్టాలని మీ మామ్మ చెప్పేది కదా. మరి ఆయన ఎందుకలా అన్నాడు?"

ఆ రోజు నేను లఫెట్ నోట్లో పెట్టుకుని ఎంతసేపు నమిలానో తెలియదు. గతుకుల్లో మూట జాలీ కన్నంలోంచి బయటికి జారి ఉంటుంది. ఆయనకి తెలిసింది. ఆ గుడ్డని చూడగానే, ముడి ఎవరిదో, గేటు దగ్గర నేను ఏం చెప్పబోయానో అంతా తెలిసే ఉంటుంది. తెలిసీ ఆ మూడు ముళ్ళూ తన మీద వేసుకున్నాడు.

"తెలీదు సయామా," అన్నాను. మళ్ళీ అబద్ధమే.

నిన్న పొగ తగ్గాక లేచి పసిదానికి ఆముదం రాసి, స్నానం పోశాను. సాంబ్రాణి పట్టాను. మా అమ్మాయి మొలతాడు తెచ్చింది. ఎర్రది.

"నువ్వే కట్టమ్మా. పెద్ద సెయ్యి కదా," అంది.

పిల్లల పెళ్ళి పందిట్లో కంకణం దగ్గర కూడా ఎవరో ఒకరికి అప్పగించి తప్పుకున్నదాన్ని. చిన్నాన్న వెళ్ళిన ఆ రోజు తరవాత ఎవరి కోసమూ ముడి వేసి ఎరగను. పసిది నా ఒళ్ళో కాళ్ళు కొట్టుకుంటోంది. కట్టాను. ఒకే ముడి వేశాను.

"ఏటమ్మా, వొదులుగా ఉన్నాది? ఊడిపోద్ది," అంది అమ్మాయి.

"ఊడిపోనీ," అన్నాను. ఎవరు లాగినా ఊడొచ్చే ముడే వేశాను.